ఇంటిపేరు తీసేసిన సోమవారం

ఇన్నేళ్ళయినా ఆ ఆఫీసరు గుర్తొస్తే నాకు ఒళ్ళు మండుతుంది. నన్ను నేను తలచుకుంటే ఇంకా ఎక్కువ మండుతుంది. ఈ రెండు మంటలూ కలిపే రాస్తున్నాను కాబట్టి ఇందులో మెత్తని మాటలు వెతక్కండి.

ఎనభైల చివర్లో తిరువళ్ళూరు దగ్గర ఒక మోటార్ల ఫ్యాక్టరీలో, మేడ మీద కంప్యూటర్ గదిలో పనిచేసేదాన్ని. మాది తిరుత్తణి, మగ్గాల వీధి. ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం, ఉద్యోగంలో ఇంగ్లీషు. నాకంటే ఏడేళ్ళు పెద్దదైన మా అక్క అదే ఫ్యాక్టరీలో, కింద వైండింగ్ షెడ్డులో, మోటార్లకు రాగితీగ చుట్టేది. నూలు చుట్టి పెరిగిన చేతులకు రాగితీగ ఒక లెక్క కాదు. అందుకే ఆ షెడ్డులో సగం మంది మా వీధుల ఆడవాళ్ళే.

అక్క చేరి పదకొండేళ్ళు. పదకొండేళ్ళూ క్యాజువల్ లేబరే. ఏడాదికోసారి కొన్నాళ్ళు పనిలోంచి తీసేసి, మళ్ళీ కొత్త టోకెన్ నంబరు చేతిలో పెట్టి చేర్చుకునేవాళ్ళు. అలా చేస్తే ఏ మనిషీ ఏకబిగిన పనిచేసినట్టు కాగితం మీద కనపడదు కదా, అదీ వాళ్ళ తెలివి. ఆ ఏడాది యూనియన్ వాళ్ళు గట్టిగా కూర్చుంటే, పాత ఏళ్ళన్నీ కలిపి చూసి అర్హులైనవాళ్ళను పర్మనెంటు చేస్తామని మేనేజ్‌మెంటు ఒప్పుకుంది. జాబితా శుక్రవారం నోటీసు బోర్డు మీద పెడతామన్నారు. అందులో పేరుంటే ఇక ఏటేటా గేటు బయట నిలబడి మళ్ళీ ఎప్పుడు పిలుస్తారా అని ఎదురుచూడక్కర్లేదు. అక్కకు కావలసింది ఆ ఒక్క వరస.

ఇదంతా నాకు అక్క చెప్పలేదు. మేమిద్దరం రెండేళ్ళుగా మాట్లాడుకోవడం లేదు. నేను చేరిన కొత్తలో ఒకరోజు, మధ్యాహ్నం భోజనాల వేళ, నన్ను చూద్దామని అక్క మేడెక్కి వచ్చింది. చీర మీద వార్నిష్ మరకలు, కాళ్ళకు షెడ్డు దుమ్ము. ఏసీ గది తలుపు తీసి లోపలికి తొంగిచూసింది. మా గది ఆఫీసరు చూస్తున్నాడని సిగ్గేసి, ఇక్కడికి రాకూడదు పో అని తమిళంలో అన్నాను, ఎవరో పరాయి మనిషితో అన్నట్టు. ఆమె దిగిపోయింది. ఆ తర్వాత ఎదురుపడినా మొహం తిప్పుకునేది. నాకూ ముక్కు మీదే కోపం. నేనూ తిప్పుకున్నాను.

ఇక ఆ సోమవారం సంగతి. కార్మికుల వివరాలన్నీ కంప్యూటర్లో ఒక పెద్ద పట్టికలో ఉండేవి. పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు, టోకెన్ నంబరు, షెడ్డు. ఆ పట్టికను ఎవరూ నేరుగా ముట్టుకోకుండా దాని మీద ఒక వ్యూ రాసి పెట్టారు నాకంటే ముందున్నవాళ్ళు. వ్యూ అంటే వేరే పట్టిక కాదు. పట్టికలోంచి ఏమేం తియ్యాలి, ఎలా చూపించాలి అని రాసుకున్న ప్రశ్న, అంతే. దానికొక పేరు పెట్టి దాచుకుంటే, ఎవరు అడిగినా అప్పటికప్పుడు తీసి చూపిస్తుంది. ఒక వ్యూ మీద ఇంకో వ్యూ రాయొచ్చు, దాని మీద మరొకటి. కిందిది మారిస్తే పైవన్నీ మారతాయి. అందుకే పైన ఏమేం ఉన్నాయో తెలుసుకోకుండా కిందిదాని జోలికి పోకూడదు. ఇది నేను కంప్యూటర్ కోర్సులో చేరిన మొదటి నెలలోనే చెప్పించుకున్న పాఠం.

మా వ్యూ ఒక్కో మనిషి పేరు ముందు ఇంటిపేరు మొదటి అక్షరం, తండ్రి పేరు మొదటి అక్షరం కలిపి చూపించేది. తమిళులకు ఇంటిపేరు లేదు, తండ్రి అక్షరం ఒక్కటే. మాకు రెండు. షెడ్డులో ఒకే పేరున్న ఆడవాళ్ళు అయిదారుగురు ఉండేవాళ్ళు, ఈ అక్షరాలతోనే ఎవరు ఎవరో తేలేది.

నన్ను చూసినప్పుడల్లా ఆఫీసరుకు ఆ రెండక్షరాలే వేళాకోళం. చేరిన రోజే నా కాగితం చూసి, రెండు ఇంజన్లు తగిలించుకొచ్చావే, బండి అంత బరువా అని నలుగురి ముందు నవ్వాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ సోమవారం పొద్దున మళ్ళీ అదే నవ్వుతో వచ్చి, హెడ్డాఫీసు వాళ్ళ ఫారంలో ఒక్క అక్షరానికే చోటుందట, ఆ ముందు ఇంజను ఊడబీకి పారెయ్, మధ్యాహ్నానికల్లా వ్యూ మార్చెయ్ అన్నాడు. నోటిమాటే. కాగితం లేదు.

దీని మీద ఏమేం ఆధారపడి ఉన్నాయో చూడకుండా మార్చను, సాయంత్రం దాకా టైము కావాలి అన్నాను. మూతి విరిచి వెళ్ళిపోయాడు.

ఈ రోజుల్లో అయితే ఏది దేనిమీద ఆధారపడిందో డేటాబేస్‌నే అడిగితే వరసగా చెప్తుంది. అప్పట్లో మాకున్నదానికి ఆ తెలివి లేదు. ప్రతి వ్యూ రాతనూ తన సొంత పట్టికల్లో దాచుకునేది కానీ, ఆ రాతల్లో ఫలానా పేరు ఎక్కడుందో వెతికి పెట్టమంటే కుదరదని మొండికేసేది. కాబట్టి అన్ని వ్యూల రాతలూ ప్రింటరు మీద దించి కంటితో చదవాల్సిందే. పక్కల చిల్లులున్న ఆ వెడల్పు కాగితాన్ని నేలమీద పరిచి, మోకాళ్ళ మీద కూర్చుని, ఎర్ర పెన్సిలుతో చదివాను. మా వ్యూ పేరు కనపడ్డ చోటల్లా సున్నా చుట్టాను. మూడు చోట్ల దొరికింది. ఆ మూడింటి పేర్లు పట్టుకుని మళ్ళీ మొదట్నించీ చదివాను, వాటిమీద ఇంకెవరైనా కూర్చున్నారేమో అని. ఇంకో రెండు దొరికాయి. ఆ రెండింటి కోసం మూడోసారి చదివాను. ఏమీ లేవు. ఆ అయిదూ పేరును ఊరికే అచ్చువేసేవే. గేటు పాసులు, క్యాంటీన్ జాబితా, అలాంటివి. అక్షరం ఒకటి తగ్గినంత మాత్రాన వాటికేమీ కాదు. రిపోర్టు ప్రోగ్రాముల ఫైళ్ళు కూడా వెతికాను. అక్కడా ఇబ్బంది లేదు.

కానీ ఆరోది ఒకటి ఉండొచ్చని నాకు తెలుసు. తెలియదని ఇప్పుడు బుకాయించను.

ఆ వ్యూ చూడ్డానికి ఎవరెవరికి అనుమతి ఇచ్చారో కూడా డేటాబేస్‌లో ఉంటుంది. అది తీసి చూస్తే అందులో కార్మికుల హాజరు, సెలవులు, జాబితాలు చూసే పర్సనల్ సెక్షన్ ఉంది. అంటే కింద ఉన్న పర్సనల్ గుమాస్తా తన అకౌంటులోంచి మా వ్యూను వాడుకోగలడు, దాని మీద తన సొంత వ్యూ కూడా రాసుకోగలడు. అతని అకౌంటులో రాసినవి నా కంటికి కనపడవు. అందరివీ కనపడాలంటే మెయిన్ పాస్‌వర్డ్ కావాలి. అది ఆఫీసరు దగ్గరే ఉండేది. వెళ్ళి అడిగాను. పక్కింటి బీరువా తాళాలు నీకెందుకు, చెప్పిన పని చెయ్ అన్నాడు. అయితే మీరే ఒకసారి తెరిచి చూడండి అన్నాను. నాకు పాఠాలు చెప్పడానికి వచ్చావా అని గదమాయించాడు. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు.

ఇంకో దారి ఉంది. ఇరవై మెట్లు దిగి ఆ గుమాస్తానే అడగొచ్చు. అతను తిరునిన్రవూరు నుంచి వచ్చే పెద్దాయన, చాదస్తం మనిషి. నా సెలవు చీటీని మూడుసార్లు వెనక్కి పంపాడు, ఒకసారి తేదీ సరిగ్గా లేదని, ఒకసారి సంతకం గీత దాటిందని. మూడోసారి నేను దిగి వెళ్ళి ఆ చీటీని అతని బల్ల మీదికి విసిరి, నీకు వేరే పనేం లేదా అని నోరు పారేసుకున్నాను. అప్పటికి అది జరిగి నెల. ఇప్పుడు మళ్ళీ అతని ముందు నిలబడి, అయ్యా మీరేమైనా రాసుకున్నారా అని అడగాలా? నేనా? అతని అకౌంటు అతని ఖర్మ అనుకున్నాను. ఆఫీసరు మీది కోపం, గుమాస్తా మీది కోపం, రెండూ కలిసి నా చేత ఆ పని చేయించాయి.

మా డేటాబేస్‌లో ఉన్న వ్యూను సరిదిద్దడం కుదరదు, తీసేసి మళ్ళీ రాయాలి. తీసేస్తే దానిమీద ఇచ్చిన అనుమతులూ పోతాయి. నేను పద్ధతి గల మనిషిని కదా, ముందే ఆ జాబితా రాసిపెట్టుకున్నాను. పాతది తీసేసి, ఇంటిపేరు అక్షరం లేకుండా కొత్తది రాసి, ఎవరి అనుమతులు వాళ్ళకు తిరిగి ఇచ్చాను, పర్సనల్ సెక్షన్‌తో సహా. ఆ ఒక్క అనుమతి మరిచిపోయినా బాగుండేది. అతని పని ఎర్రరు చూపించి ఆగిపోయేది, అతను మెట్లెక్కి వచ్చి నన్ను తిట్టేవాడు, అంతటితో పోయేది. నా జాగ్రత్త వల్లే ఎక్కడా చప్పుడు కాలేదు.

శుక్రవారం పొద్దున నోటీసు బోర్డు దగ్గర గుంపు. ముందు మామూలు గోల అనుకున్నాను. దగ్గరికి వెళ్తే మా వీధుల ఆడవాళ్ళు ఒకపక్క, తమిళ ఆడవాళ్ళు ఒకపక్క. నిన్నటిదాకా ఒకే డబ్బాలో అన్నం పంచుకున్నవాళ్ళు. జాబితాలో తెలుగువాళ్ళ పేరు ఒక్కటీ లేదు. మా పొట్ట కొట్టి మీవాళ్ళను ఎక్కించుకున్నారా అని వీళ్ళు, పని ఎగ్గొట్టి ఉంటారు, మమ్మల్నెందుకు అంటారు అని వాళ్ళు. అక్క అరవడం లేదు. వేలుతో కాగితం మీద పై నుంచి కిందికి, కింది నుంచి పైకి చదువుతూ ఉంది.

నాకు అక్కడే అర్థమైంది. జాబితాలో లేనివాళ్ళంతా రెండక్షరాల వాళ్ళు.

గబగబా మేడెక్కాను. తర్వాత తెలిసిన సంగతి ఇది. క్యాజువల్ వాళ్ళకు ఏటా టోకెన్ నంబరు మారుతుంది కాబట్టి, ఎవరి పాత ఏళ్ళు ఎవరివో కలపడానికి అక్షరాలతో కూడిన పేరు తప్ప ఇంకో ఆధారం లేదు. ఆ గుమాస్తా పాత హాజరు పుస్తకాలన్నీ ముందు వేసుకుని, మా రెండక్షరాలు ఎక్కడా తప్పిపోకుండా, నెలల తరబడి ఒక్కో పేరూ తనే టైపు చేశాడు. ఆ పేర్లను మా వ్యూలో వచ్చే పేర్లతో జతచేసి ఏళ్ళు కూడే వ్యూ తన అకౌంటులో రాసుకున్నాడు. నేను ఇంటిపేరు అక్షరం తీసేసరికి అతను టైపు చేసిన పేర్లలో రెండక్షరాలు, మా వ్యూలో ఒకటి. జత కుదరలేదు. మా ఆడవాళ్ళ ఏళ్ళన్నీ సున్నా అయ్యాయి. చాదస్తం అని నేను తిట్టుకున్న మనిషే మా పేర్ల విషయంలో అంత శ్రద్ధగా ఉన్నాడు.

ఆఫీసరుకు చెప్పాను, వ్యూ మార్చడం వల్లే ఇది జరిగింది, ఇప్పుడే కిందికి చెప్దాం అని. అతని మొహం మాడిపోయింది. మేనేజరు మద్రాసు నుంచి సాయంత్రం వస్తాడు, అప్పటిదాకా నోరు తెరిచావంటే తప్పు నీ ఒక్కదానిదే అని రాసిస్తాను, వేరే ఉద్యోగం చూసుకో అన్నాడు. నేను కుర్చీలో కూర్చున్నాను. పొద్దున తొమ్మిదింటి నుంచి కూర్చున్నాను. కింద గోల వినపడుతూనే ఉంది. పాత వ్యూ రాత నా బల్ల మీదే ఉంది, పది నిమిషాల పని. ఇరవై మెట్లు దిగి ఇది కంప్యూటర్లో జరిగిన పొరపాటు అని ఒక్క మాట చెప్పినా చాలు. చెప్పలేదు. పిరికిదాన్ని, ఇంకేం చెప్పను.

భోజనాల సైరను మోగాక మా అక్క పర్సనల్ కిటికీ దగ్గరికి వెళ్ళింది. నా పదకొండేళ్ళు ఏమైనాయి అని అడిగిందట. ఆ గుమాస్తాకు మాత్రం ఏం తెలుసు, కంప్యూటర్ ఇచ్చింది నేను పెట్టాను అన్నాడట. అప్పటికి షెడ్డంతా ఆయనే చేశాడని అనుకుంటూ ఉంది. అక్క కిటికీ పక్కనున్న తలుపు తోసుకుని లోపలికి వెళ్ళి, చెప్పు తీసి ఆయన్ని కొట్టింది. ఒకటి కాదు. అరుపులు విని నేను పరుగెత్తేసరికి ఇద్దరు వాచ్‌మన్లు ఆమె రెక్కలు పట్టుకుని గేటు వైపు నడిపిస్తున్నారు. ఆయన కళ్ళద్దాలు నేలమీద ఉన్నాయి. అక్క నన్ను చూసింది. ఈసారి మొహం తిప్పుకోలేదు. నేనే తిప్పుకున్నాను.

సాయంత్రం మేనేజరు వచ్చాక, ఆఫీసరు కళ్ళురుముతున్నా లెక్కచెయ్యకుండా ఉన్నదంతా చెప్పాను. జాగ్రత్తగా మార్చమన్నాను సార్, ఈ అమ్మాయే చూసుకోలేదు అన్నాడు ఆ మహానుభావుడు. పాస్‌వర్డ్ అడిగితే ఇవ్వలేదు అన్నాను. నన్నెప్పుడు అడిగావు అన్నాడు. మేనేజరు ఇద్దర్నీ నోరుముయ్యమని, ముందు సరిచెయ్యి అన్నాడు. సరిచేశాను. కాగితంలో ఉన్న పాత రాతను మళ్ళీ టైపు చేసి, అనుమతులు మళ్ళీ ఇచ్చి, గుమాస్తా గదికి వెళ్ళాను. ఆయన చెంప వాచిపోయి ఉంది. తన వ్యూ నడిపించి జాబితా తీసి ఇచ్చాడు. శనివారం పొద్దున అది బోర్డు మీదికి ఎక్కింది. మావాళ్ళందరూ ఉన్నారు. ఏళ్ళ వరసన వేసిన జాబితా కాబట్టి మా అక్కది మొదటి పేరు. దాని పక్కనే ఇంకో కాగితం అంటించారు. ఉద్యోగి మీద చెయ్యి చేసుకున్నందుకు ఆమెను పనిలోంచి తీసేసినట్టు. యూనియన్ నాయకుడి కాళ్ళావేళ్ళా పడ్డాను. మాట అంటే నిలబడేవాళ్ళం, చెప్పుతో కొడితే ఎలా నిలబడతాం అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం జాబితా నకలు ఒకటి పట్టుకుని అక్క ఇంటికి వెళ్ళాను. బావ సంతకు పోయాడు. అక్క నడవలో కూర్చుని రాట్నం మీద కండెలు చుడుతూ ఉంది. లోపలి గదిలో వాళ్ళ అత్త నూలు విడదీస్తూ ఉంది. నేను గడప దగ్గరే నిలబడి, సోమవారం నుంచి జరిగిందంతా ఏదీ దాచకుండా చెప్పాను. ఆమె రాట్నం ఆపి విన్నది.

"అందరి పేర్లూ వచ్చినాయా?" అంది.

"వచ్చినాయక్కా. నీదే మొదటి పేరు."

"ఆయప్ప ఏం జేసినాడని కొట్టినాను నేను," అంది తనలో తాను. తర్వాత నా వైపు చూసింది. "ఆ సారు చెప్పినాడు, నువ్వు మార్చినావు. సరి. దాన్ని ఇడిసిపెడతా. పొద్దున్నే తెలిసింది గదా మే నీకు. నేను ఆ కిటికీ కాడికి పొయ్యేదాకా ఎందుకు గమ్మునున్నావు?"

"బయమేసింది. ఉద్యోగం పోతాదని."

"నాకు మాత్రం బయం లేదనుకున్నావా? పెండ్లయిన కాడ్నించీ మా యత్త ఒకటే పోరు. మా ఇంట్లో ఉండి నీ పుట్టింటి ఇంటిపేరేంది, కంబెనీలో మార్పించుకో అని. ఆయప్పనే పోయి అడిగినా. మార్చితే పాత ఏండ్లన్నీ పోతాయమ్మా, ఎవురేమన్నా మార్చుకోవద్దు అని చెప్పినాడు. ఒకతూరి మా యత్త నన్ను ఇంట్లోకి రానీకుండా వాకిట్లో నిలబెట్టింది, చీకటి పడేదాకా. వీదంతా చూసినారు. అయినా మార్చలేదు. ఎనిమిదేండ్లు పట్టుకోనుంటి మే ఆ ఒక్క అక్షరాన్ని."

అక్క నా చేతిలో కాగితం తీసుకుని, మొదటి వరస మీద వేలు పెట్టి చూసుకుంది. దాన్ని నాలుగు మడతలు పెట్టి నాకే తిరిగి ఇచ్చింది. లోపలి గది వైపు తిరిగి, కేక వెయ్యకుండా మామూలు గొంతుతోనే పిలిచింది.

"అత్తా, ఇంక మీ ఇంటిపేరే రాసుకుంటాను. పాతదాన్ని నమ్ముకోని ఉండేది ఇప్పుడేమీ లేదు."

ముసలామె బయటికి రాలేదు. నేను గడపలోనే కూర్చుని ఏడ్చాను. అక్క ఏడవలేదు, నన్ను ఊరుకోమనీ అనలేదు.